చుట్ట ఆరేదాకా

అత్తా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ వీధిగదిని అద్దె లేకుండా విజయ అనే యూనివర్సిటీ పిల్లకిచ్చాను. బెజవాడమ్మాయి. కష్టాల్లో ఉన్న పేదవాళ్ళ గోడు విని ధైర్యం చెప్పడానికి ఎమ్మే చదువుతోంది. దానికీ ఓ చదువుందంటే నమ్ముతావా? మన కంచరపాలెంలో ఇల్లిల్లూ తిరిగి నేర్చుకోవాలట.

మొన్న పక్కింటి నూకాలమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆమె నీలాగే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. విజయ ఎన్ని అడిగినా పలకలేదు.

"నేనంటే కోపమేమోనండీ" అంటూ పిల్ల చిన్నబోయి వచ్చింది. నాకు నవ్వాగలేదు. నోట్లో నిప్పుంటే ఎవరు పలుకుతారు?

నిన్న మళ్ళీ వెళ్ళి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది. చుట్ట ఆరాక నూకాలమ్మే అంది: "ఏటే గుంటా, ఇయాల ఏటీ అడగవేటి?"

ఆపైన, ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయిన తన ఊరి సంగతి మొదలెట్టింది. ఇన్నేళ్ళుగా మన పక్కనే ఉంటూ ఆ ఊరి పేరైనా ఎత్తలేదు కదా!

అప్పట్నుంచీ నాకొకటే ఆలోచన. నువ్వు ఒక చుట్ట ఆరకముందే ఇంకోటి వెలిగించేదానివి. ఏం చెప్పాల్సొస్తుందని, అత్తా?