తుని దాటాక ఆగిన బండి

రాజోలు,
ఏప్రిల్ 9.

ప్రభువునందు నా ప్రియ కుమారుడు జయప్రకాష్‌కు, నీకూ మా కోడలు బిందుకూ సమాధానం కలుగుగాక.

ఫోను చేస్తే నీ గొంతు వింటాను. నీ గొంతు వింటే మెత్తబడతాను. అందుకే ఉత్తరం. సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే ముందు ఒంటరిగా అతనికే చెప్పు, వినకపోతే ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెయ్యి అని మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు క్రమం ఏర్పరిచాడు. ఇది మొదటి మెట్టు. ఈ కాగితం మీ పిన్ని సుందరి కూడా చూడలేదు.

నువ్వు నాకు అమ్మిన కరెంటు కారు సంగతే. మీ షోరూము గోడ మీద నిలువెత్తు అక్షరాల్లో రాసి ఉంది, ఒక్కసారి చార్జింగు పెడితే నాలుగువందల ఎనభై కిలోమీటర్లు అని. నేను గోడను నమ్మలేదు. నిన్ను అడిగాను. "నిజమేనంటావా నాయనా?" అంటే నువ్వు గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఆయ్, మీకు అబద్ధం చెప్తానా బాబాయిగారూ? మీ చేతుల్లో ముంచి లేపిన మనిషినండి నేను" అన్నావు. వశిష్ఠ గోదావరిలో నీకు బాప్తిస్మం ఇచ్చిన ఈ చేతులతోనే ఆ బండి తాళం తీసుకున్నాను. ఆ ఆదివారమే సహవాసంలో నిలబడి దేవుడు నా సువార్త పనికి వాహనం ఇచ్చాడని సాక్ష్యం చెప్పాను. నాలుగువందల ఎనభై అని కూడా చెప్పాను. అది విని అంబాజీపేట కొబ్బరి వ్యాపారి బుల్లబ్బాయి, మన మతం కూడా కాదు, "మీరు చెప్పేరంటే మీ గ్రంథంలో ఉన్నట్టేనండి" అని అలాంటిదే కొన్నాడు.

ఇక అప్పలమ్మగారి విషయం. కాట్రేనికోనలో చేపలమ్మి బతికి, నా కూటం ఒక్కటీ మానని తల్లి. విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. "నా ఇంట్లో, నా మంచమ్మీద పోతాను బాబూ, నన్ను తీసుకుపో" అని కబురుపెట్టింది. తెల్లవారుజామున చల్లటి వేళ, ఒక్కణ్ణీ, నెమ్మదిగా వెళ్ళాను. ఆసుపత్రి ముందు నిలబడి నీకు ఫోను చేశాను. "సగం ఉంది నాయనా, ఇక్కడ చార్జింగు పెట్టించనా?" అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా? "ఎందుకండీ, అక్కడ గంటలకొద్దీ కూర్చోవాలి. హాయిగా వచ్చేస్తారండి." ఆమెనూ, ఆమె కూతుర్నీ, మనవణ్ణీ ఎక్కించుకుని బయలుదేరాను. ఆమెకు ఊపిరాడటం కష్టం గనక ఏసీ పెట్టాను. నక్కపల్లి చేరేసరికి బండిలో చార్జింగు చూపే అంకె నీళ్ళకుండకు చిల్లుపడ్డట్టు దిగిపోవడం మొదలైంది. మళ్ళీ నీకే ఫోను చేశాను. తడుముకోకుండా చెప్పావు: "ఏసీ ఆపేసి, అద్దాలు బిగించేసి, అరవై దాటకుండా రండి బాబాయిగారూ."

తడుముకోకుండా! ఆ వైద్యం నీ నాలుక మీద సిద్ధంగా ఉందంటే ఆ రోగం నీకు ముందే తెలుసు. నాయనా, నా గుండె చీలింది అక్కడే.

ఆ మండుటెండలో ఏసీ ఆపాను, అద్దాలు బిగించాను. "గాలి రాటం లేదు బాబూ" అందామె. తెరిచాను. తుని దాటాక బండి రోడ్డు పక్కన నిలిచిపోయింది. అంబులెన్సు వచ్చేలోగా, లారీలు దుమ్ము రేపుకుంటూ పోతుంటే, కూతురు ఒళ్ళో ఆమె కన్నుమూసింది. బండి చంపిందని నేను అనను. ఒకటి రెండు రోజుల మనిషేనని డాక్టర్లు ముందే చెప్పారు. కానీ ఆమె ఈ లోకాన్ని అడిగింది ఒక్క మంచం. దాన్ని మీ అంకె దోచుకుంది.

ఇంటికొచ్చి మీ ప్రకటన మళ్ళీ చూశాను. అంకె పక్కన చుక్క గుర్తు, అడుగున చీమ తలంత అక్షరాలు. బండి పరీక్ష గదిలో, ఎండా గాలీ లేనిచోట తీసిన లెక్కట అది. సీనాయి కొండ మీద దేవుడిచ్చిన పలకల అడుగున షరతులు వర్తిస్తాయని రాసిలేదు జయప్రకాష్! దొంగత్రాసు ఆయనకు అసహ్యమని సొలొమోను చెప్పింది కొట్లో త్రాసు గురించే కాదు.

వచ్చి నాతో ఒక్క మాట చెప్పు. "తెలిసే చెప్పాను" అను. అంతటితో ఈ మెట్టు మీదే ఆగిపోదాం.

నీ ఆత్మీయ తండ్రి,
సాలమోను

---

రాజోలు,
మే 2.

నాయనా జయప్రకాష్, కృపలో నిన్ను జ్ఞాపకం చేసుకుంటూ రాస్తున్నాను.

నువ్వు రాలేదు. రెండో మెట్టు ఎక్కి, మన సంఘ పెద్ద సూర్యారావు మాస్టారినీ, నాలాగే మోసపోయిన బుల్లబ్బాయినీ నీ దగ్గరికి పంపాను. ఇద్దరూ తిరిగొచ్చి నా అరుగు మీద కూర్చుని జరిగింది చెప్పారు. నువ్వు కూల్‌డ్రింకులు తెప్పించావట. మర్యాదకు లోటు లేదట.

"బాబాయిగారి వరకు బండి వెనక్కి తీసేసుకుంటామండి. పూర్తి సొమ్మూ ఇచ్చేస్తాం. కాకపోతే ఇక ఎక్కడా ఈ విషయం మాట్లాడనని ఆయన సంతకం పెట్టాలండి" అన్నావట.

"మరి నా బండో?" అన్నాడట బుల్లబ్బాయి.

"మీరు కాస్త వేగంగా నడుపుతారండి."

"వేగంగా పోడానిక్కాపోతే కారెందుకు బాబూ? మా ఊళ్ళో ఎడ్లబండ్లు లేవా?"

మాస్టారు నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. సుందరి మాత్రం ఒప్పేసుకోమంది. "పీడ పోతుంది కదండీ. మీరొక్కరే ఈ లోకం పాపమంతా మోస్తారా? మోసినాయన ముందే ఉన్నాడుగా" అంది. వాక్యంతోనే నన్ను కొట్టింది! కాసేపు మనసు ఊగింది కూడా. నిజం దాచను. కానీ సంతకం అన్నచోట ఆగిపోయాను. నేను ఊరూరా తిరిగి మాట్లాడి బతుకుతున్నవాణ్ణి. నా నోటికి వెలకట్టావా? ఆకలికి తాళలేక గిన్నెడు కూరకు జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావును తిట్టి ఎన్ని కూటాల్లో గొంతు చించుకున్నాను! ఇప్పుడు నేను సంతకం పెడితే, నా మాట విని కొన్న బుల్లబ్బాయి మొహం ఎలా చూడను? అప్పలమ్మగారి కూతురికి ఏం చెప్పను?

కోర్టుకు వెళ్ళమని బుల్లబ్బాయి పోరు. విశ్వాసి విశ్వాసిని అవిశ్వాసుల ముందుకు ఈడ్వడమా అని పౌలు కొరింథీయుల్ని గద్దించాడు. ఆ మాట నేను బల్లలు గుద్ది బోధించాను. కంపెనీ మీద వెయ్యొచ్చు, కంపెనీ ఏ ఏట్లోనూ మునగలేదు. కానీ దాని తరఫున ఎదుట కూర్చునేది నువ్వు. నిన్ను దాటి కంపెనీని ఎలా కొట్టను?

అందుకని మూడో మెట్టు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘానికి తెలియజేస్తాను. సంఘం మాట కూడా వినకపోతే నువ్వు నాకు అన్యుడివి, సుంకరివి, అంటే బయటివాడివి. అప్పుడిక కోర్టుకు వెళ్ళకుండా పౌలు నన్ను ఆపడు.

ఇంకా నీ తండ్రినే,
సాలమోను

---

రాజోలు,
సెప్టెంబర్ 14.

జయప్రకాష్ నాయనా,

ఆ ఆదివారం నువ్వు వస్తావనుకోలేదు. బిందుతో వచ్చి వెనక చాప మీద కూర్చున్నావు. నేను లేచి నోరు తెరిచేలోగా నువ్వే లేచావు. "బాబాయిగారు చెప్పబోయేది నిజమేనండి. రోడ్డు మీద అంత దూరం రాదని నాకు తెలుసు. మా షోరూములో అందరికీ తెలుసు. అయినా అదే చెప్పమన్నారు, చెప్పేను. అప్పలమ్మగారి విషయం తలుచుకుంటే అన్నం దిగటం లేదండి. నన్ను క్షమించండి" అని మోకాళ్ళ మీద కూలిపోయావు. బిందు నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేను వచ్చి నిన్ను లేపి కౌగిలించుకున్నాను. తప్పిపోయినవాడు దొరికాడని పాట పాడింది సంఘం. నా చెవిలో నువ్వే అన్నావు, "కంపెనీ మీద కేసు వేసుకోండి బాబాయిగారూ, నేను అడ్డం రానండి" అని. ఆ మాట పట్టుకునే నేనూ బుల్లబ్బాయీ కాకినాడ వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాం.

పది రోజుల కిందట మా వకీలుగారు మీ కంపెనీ దాఖలు చేసిన జవాబు చదివి వినిపించారు. అందులో నీ ప్రమాణ పత్రం. దూరం గురించి ఎవరికీ ఏ హామీ ఇవ్వలేదట నువ్వు. పైగా ఇంకో మాట: ఫిర్యాదుదారు అక్షరజ్ఞానం అంతంతమాత్రమైన వృద్ధుడు, వివరించి చెప్పినా గ్రహించే శక్తి లేనివాడు.

జయప్రకాష్, నేను బడి మెట్టు ఎక్కలేదు. కొబ్బరిచెట్లెక్కి దింపు తీస్తూ, సంచీలో బైబిలు పెట్టుకుని, కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ అక్షరాలే కీర్తనల మీద నీ వేలు పట్టుకుని దిద్దించాను. నన్ను అబద్ధీకుడన్నా ఓర్చుకునేవాణ్ణి. నేను నేర్పిన అక్షరాలతో నాకు అక్షరం రాదని రాశావు. యూదా ముద్దు పెట్టి అప్పగించాడు. నువ్వు ముందు కన్నీళ్ళు పెట్టుకున్నావు.

ఇప్పుడు విను. ఆ ఆదివారం నర్సు శారోన్ ఎప్పటిలాగే కువైట్‌లో ఉన్న తన భర్త కోసం ఆరాధనంతా ఫోనులో తీసింది. నీ ఒప్పుకోలు మొత్తం, నీ మొహం, నీ మాట అందులో ఉన్నాయి. శారోన్ నా ఇంటికొచ్చి చూపించింది. వకీలుగారు చూసి, "ఇదొక్కటి చాలండి సాలమోను గారూ! కేసు అయిపోయినట్టే" అన్నారు. బుల్లబ్బాయి బల్ల మీద చరిచాడు.

వారం రోజులు ఉపవాసం ఉన్నాను. ఏలీయాలాగా ఆకాశం నుంచి అగ్ని దింపాలనిపించింది. కమిషన్ ముందు నీ మొహం తెర మీద ఆడుతుంటే, నీ సంతకం నీ నోటిని కరుస్తుంటే చూడాలని నా ప్రాణం ఎంత ఉవ్విళ్ళూరిందో దేవుడికే తెలుసు. నిన్న శారోన్‌ను పిలిచి నా ఎదుటే దాన్ని చెరిపించాను. కువైట్‌లో ఆమె భర్త చేతా చెరిపించాను.

బుల్లబ్బాయి ఊగిపోయాడు. "చేతికొచ్చిన కత్తి గోదాట్లో పారేసేరా! మీ దేవుడు మీకు సలహాలిస్తాడు గానీ నా బండికి చార్జింగివ్వడు కదండీ!" అని, సుందరి ఇచ్చిన టీ ముట్టకుండా లేచిపోయాడు. అతని కోపం న్యాయమే.

ఎందుకు చెరిపించానో నీకు చెప్తాను. ఆ కన్నీళ్ళు నువ్వు దేవుడి ముందు కార్చావు. అవి నిజమైనవో కావో ఆయనకు తెలుసు. వాటిని సీసాలో పట్టి కమిషన్ బల్ల మీద పెడితే, ఇక మన మందిరంలో తప్పు చేసినవాడెవడూ లేచి నిలబడడు. ముందు ఎవరి చేతిలో ఫోనుందో చూసుకుంటాడు. నీ ఒక్కడి మీద గెలవడానికి అంతమంది నోళ్ళు నేను మూయించలేను.

కానీ కేసు వెనక్కి తీసుకోను. క్షమించాను గనక వదిలేస్తాననుకోకు. మంగళవారం కమిషన్ ముందు నీ సాక్ష్యం ఉంది. ప్రమాణం చేయించి, నీకు తెలుసా తెలియదా అని అడుగుతారు. మన సహవాసంలో అందరూ వస్తామన్నారు. ఎవర్నీ రావద్దన్నాను. నేనొక్కణ్ణే వస్తాను. ఎదుట కూర్చోను, నీ వెనక బల్ల మీద కూర్చుంటాను. బాబాయి కళ్ళకు జడిసి నిజం చెప్పావన్న మాట నీకు రాకూడదు. నేను నీ వీపు చూస్తూ ఉంటాను.

నీ మీద ఫిర్యాదు చేసిన
నీ బాబాయి,
సాలమోను