శనివారం పారబోసిన నీళ్లు

మంచు సముద్రంలో, ఓడ మీద నుంచి

ప్రభువునందు ప్రియమైన దేవదానమ్మక్కకు, తమ్ముడు ఇమ్మానుయేలు వందనాలు. రొద్దంలో నీవు, బావ, పిల్లలు చల్లగా ఉండాలని రోజూ మోకాళ్లూని అడుగుతున్నాను. నేను బాగానే ఉన్నాను. అన్నం, చారు దొరుకుతాయి, సంకటి లేదు. ఇక్కడ పొద్దు మునగదు, ప్రార్థనవేళ గడియారమే చెప్పాలి. బాగానే ఉన్నాను, దిగులుపడొద్దు.

కానీ అక్కా, ఒక తప్పు చేశాను. నాలుగు రోజులైనా అదే తలుచుకుంటున్నాను.

నా పని వంటగదిలో గిన్నెలు తోమడం, పరిశోధకుల గది తుడవడం. మొన్న శనివారం మన ఇంటి అలవాటు చొప్పున, ఆదివారానికి పాతనీళ్లు నిలవుండకూడదని అన్నీ ఒంపేసి పాత్రలు తోమాను. పరిశోధకుల గదిలో ఒక క్యానులో బురదరంగు నీళ్లుంటే అవీ పారబోశాను.

సుజాత మేడమ్ అనే పరిశోధకురాలు వచ్చింది. ఆమెది మన వైపే, అగళి.

“ఏమప్పా, ఈడ పెట్టిన క్యాను యాడ?”

“తోమి బోర్లిచ్చినా మేడమ్. నీళ్లు పాసిపోయినాయి కదా.”

“పాసిపోయినాయా! మంచు కింద నుంచి తెచ్చినవప్పా అవి. ఓడ మళ్లా ఆడికి పోదు!” అని కూలబడింది.

కాసేపటికి లేచి, కడగని మూతకు అంటిన చుక్కను గాజుపలక మీద వేసి, నన్ను మైక్రోస్కోపు దగ్గరికి లాగింది. “చూడు, ఏం పారబోసినావో.”

కన్ను ఆనించి చూశానక్కా. ఆ చుక్కలో గాజు డబ్బీలు, గొలుసులు, నక్షత్రాలు! అన్నీ ప్రాణమున్న మొక్కలట. నీవు హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు ఏరినట్టు, ఆమె వాటిని రకరకాలుగా వేరుచేసి లెక్కపెడుతుంది. గాజుపెంకు ఉన్న పెద్దవి, జిగురుముద్దల్లో బతికేవి, మరీ సన్నచుక్కలు. పెద్దవాటిని రొయ్యలు తింటాయి, రొయ్యలను తిమింగలాలు తింటాయి. మంచు ఎక్కువ కరిగి ఉప్పు పలచబడితే సన్నచుక్కలే పెరుగుతాయట. అవి రొయ్యలకు సరిగా చిక్కవట.

“ఆ నీళ్లల్లో ఏది ఎంత ఉన్నిందో ఇంక ఎవురికీ తెలీదు” అంది.

ఓడ ఎక్కేముందు పెనుకొండ కూటంలో బోధిస్తూ నేను ఏమని గర్జించాను? మంచు సముద్రం దేవుడు విడిచిన శూన్యమని! సముద్రంలో చిన్నవీ పెద్దవీ లెక్కలేనన్ని ఉన్నాయని వాక్యం చెబుతుంటే, దాన్ని వేలుపెట్టి చదివిన నేనే అలా అరిచాను.

నా తప్పు రిపోర్టుకెక్కితే మళ్లీ ఓడ ఎక్కనివ్వరు. భుజం మీదుగా తొంగిచూశాను. ఆమె పుస్తకంలో “నీళ్లు పోయినవి” అని మాత్రమే రాసింది.

“నా పేరు, మేడమ్?”

“అదీ తోమేసినా, పో!”

ఇన్నేళ్లు తీర్పు గురించే కేకలేసినవాణ్ణి, ఆ మాటకు ఏడ్చేశాను.

ఆదివారం కూటంలో లేచి, మా తమ్ముడు తప్పు బోధించాడని చెప్పక్కా. నేనే చెప్పమన్నానని చెప్పు. శనివారం తొట్టి కడిగేముందు, అడుగున మిగిలిన పాచినీళ్లను ఒక్కసారి వంగి చూడు. ఆ తర్వాత పారబొయ్యి.

పెద్దలందరికీ వందనాలు, పిల్లలకు ముద్దులు. నా కోసం ప్రార్థించు.

చూడకముందే తోమేసిన నీ తమ్ముడు,
ఇమ్మానుయేలు