ఒకపక్కకే వంగిన గీతలు

రజియా,

కాలేజీ ల్యాబులో స్లైడులు కడిగే నువ్వే ఆ రోజు మైక్రోస్కోపులో చూసి, "ఇది వేరే మాదిరి ఉండాది మేడం, గీతలు ఒకపక్కకే వంగినాయి" అన్నావు. ఆళ్లగడ్డ అవతల వాగురాళ్ల మీద మనం గీకి తెచ్చిన పాచిలో, కంటికి ఆనని డయాటమ్ అది, గీతలున్న గాజులాంటి పెంకులో బతికే ఒకే కణం నాచు. పెంకు విరిగిందిలే అని కొట్టిపారేశాను.

నువ్వు చనిపోయాక ఆ స్లైడే మళ్లీ చూశాను. ఏ పెంకూ విరగలేదు, అన్నిటికీ గీతలు అలాగే వంగి ఉన్నాయి. అది కొత్త జాతేనని ఈ రోజు సైన్సు పత్రికవాళ్లు ఒప్పుకున్నారు. మొదట గుర్తుపట్టింది నువ్వేనని వ్యాసంలో రాశాను.

సాయంత్రం నంద్యాలలో మీ ఇంటికి వెళ్లి ఆ వాక్యం చదివాను. మీ ఆయన ఇంకోసారి చదవమన్నాడు. మళ్లీ చదివాక, "అది ఇంకా బతికుండాదా మేడం, ఆ నీళ్లల్లో?" అని అడిగాడు.

"ఉండాదన్నా, నిన్ననే పోయి సూసొచ్చినా" అన్నాను.