జ్వరంలో అన్న "సరే"

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీర్వాదాలు తర్వాత. ముందు మా ఇంట్లో నువ్వు పెట్టిన చిచ్చు ఆర్పు.

మీ బావ జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నప్పుడు నువ్వే కదా ఫోన్లో చెప్పావు? రోగంతో పోరాడే కణాలు సైటోకైన్లనే కబురు రసాయనాల్ని వదులుతాయనీ, ఆ కబురు అందగానే మెదడులో నాడీకణాల తీరే మారిపోయి, మనిషి తిండీ మాటా మానేసి మంచానికి అతుక్కుపోతాడనీ? ఈయనా అచ్చం అలాగే గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇదే అదననుకుని, "మా అమ్మని మన దగ్గరే ఉంచుకుందామండీ" అన్నాను. "సరే" అన్నారు.

ఇప్పుడు జ్వరం తగ్గింది. అక్కడ అమ్మ పెట్టె సర్దుకుని కూర్చుంది. ఈయనేమో, "ఆ సరే అన్నది నేను కాదు, సైటోకైన్లు. కావాలంటే మీ తమ్ముణ్ణే అడుగు" అంటున్నారు.

అవి మనిషిని నీరసపెడతాయే గానీ మాట ఇప్పించవని మీ ల్యాబ్ కాగితం మీద రాసి పంపు. వెంటనే పంపు.

ఎందుకంటే, నన్ను చేసుకుంటానని ఒప్పుకున్న రోజు కూడా ఈయనకి ఒళ్ళు కాలిపోతోందని మా అత్తగారు ఇందాక నవ్వుతూ చెప్పారు. ఆ మాట ఈయన చెవిన కూడా పడింది. అప్పట్నుంచీ నావైపు అదోలా చూస్తున్నారు.

కాబట్టి సంతకం ఒక్కటే చాలదురా, ముద్ర కూడా వెయ్యి.

మీ అక్క