ఆరో అంతస్తులో ఒకడు తక్కువ

లింగంపల్లి,
ఆదివారం.

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, నా గదిలో మూడు వారాలుగా కారుతున్న కుళాయి నిన్నటితో కారడం మానేసింది. తెగిన కుడికాలి చెప్పు కుట్టించడమైనది. ఎవరూ ఆందోళన చెందవలదు.

అక్కకి నమస్కారాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. ఫోను ఉండగా ఉత్తరమేమిట్రా అంటావు. ఫోనులో నా గొంతు విని ఏదో ఒకటి కనిపెట్టేస్తావు, అందుకని.

పదో తరగతి తప్పినవాణ్ని, ఇక్కడ పెద్ద చదువులవాళ్లకి మార్కులు వేస్తున్నాను. ఈ అద్దాల ఆఫీసుల్లో మంటలార్పే సిలిండర్లు పనిచేస్తున్నాయా, మెట్లకి అడ్డంగా అట్టపెట్టెలు పెట్టారా అని చూసి రిపోర్టు రాయడం నా పని. నన్ను చూడగానే పెట్టెలు తీస్తారు, వెనక్కి తిరగ్గానే మళ్లీ పెడతారు. నాతో ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే "అయిపోయిందా సార్" అంటారు, అంతే. లోపల ఏసీ చలి, బయట ముసురు. అన్నం నేనే వండుకుంటున్నాను, బాగానే ఉడుకుతోంది.

మొన్న బుధవారం ఒక ఆఫీసులో ఫైర్ డ్రిల్ పెట్టారు. గంట మోగితే అందరూ మెట్లు దిగి కింద నిలబడాలి. అంతస్తుకొక కుర్రాడు గదులన్నీ వెతికి, మనుషుల్ని లెక్కపెట్టాలి. నాకు పాత బుద్ధి పుట్టింది. పొద్దున్నే ఆరో అంతస్తు పట్టీలో నా పేరు కూడా రాయించి, గంట మోగగానే ఫైళ్ల గదిలో బీరువా వెనక్కి చేరాను. చిన్నప్పుడు గాదెలో దాక్కుంటే చెవి పట్టి లాగావు, గుర్తుందా?

చాలాసేపటికి ఊడ్చే యాదమ్మ వచ్చింది.

"ఓ సారూ, ఏడున్నవ్? పొద్దుగాల మీదికెక్కినోడివి, దిగుతుంటే నాకు కానరాలే. నీ కోసం ఆరంతస్తులు ఎక్కిన. నువ్వు మనిషివా, పిల్లగానివా?"

"తనిఖీ మనిషినమ్మా."

"నీ తనిఖీ పాడుగాను. రా, జర చాయ్ తాగు."

కిందికి వెళ్లేసరికి ఆరో అంతస్తు కుర్రాడు అందరూ దిగినట్టు సంతకం పెట్టేశాడు.

"నా పేరేదయ్యా?"

"నువ్వు మా స్టాఫ్ కాదు గదన్నా. ఒక్క మనిషికి లొల్లి ఎందుకు?"

"ఆ ఒక్క మనిషీ నేనేనయ్యా."

ఆ ఆఫీసు మేనేజరు నన్ను పక్కకి పిలిచి, బాగానే జరిగిందని రాయమన్నాడు. లేకపోతే నన్ను ఇంకో చోటికి పంపేస్తారట. నేను రాసిందిది: "ఆరో అంతస్తులో ఒకరు లోపలే ఉండిపోయారు. ఎవరూ వెతకలేదు." పంపితే పంపనీ. రేపు నిజంగా పొగ కమ్మినప్పుడు ఎవరైనా మిగిలిపోతే?

ఎవరైనా వచ్చేవాళ్లుంటే చింతకాయ పచ్చడి పంపు. నా ముతక దుప్పటి కూడా. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నువ్వు నా నెత్తిన చెయ్యిపెట్టి దీవించినట్టే అనుకుంటాను. నేను బాగానే ఉన్నాను.

నీ తమ్ముడు,
సత్తిబాబు

తా.క. యాదమ్మ ఉన్న మాట నిజమే. కానీ బుధవారం ఆవిడ పనిలోకే రాలేదు. ఆవిడ పైకి రావడం, తిట్టడం, చాయ్, అంతా నేను కల్పించిందే. బీరువా వెనక నలభై నిమిషాలు కూర్చుని, నా అంతట నేనే దిగి వచ్చాను. రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. అదే నీకు రాయబోతే చెయ్యి ఆడలేదు.