బర్రెకు పోసిన గటక

జూన్ 9
ఖమ్మం నుంచి ఇప్పుడే వచ్చాను. తమ్ముడికి నా కిడ్నీ సరిపోతుందట. కానీ ఈ ఒంటితో తీయరట. "ముందు బరువు తగ్గండమ్మా, తర్వాత చూద్దాం" అంది డాక్టరమ్మ. శీను మంచం మీద నుంచే నవ్వాడు... "అక్కా, నువ్వు తగ్గుడు, నేను బతుకుడు. అయ్యే పనేనా?" వెధవ. చెంప పగలగొట్టాలనిపించింది.

జూన్ 12
అన్నం బంద్. జొన్నరవ్వతో వండే గటకా బంద్. గింజ తిండే ఒళ్లు పెంచుతుందని మా ఆడబిడ్డ మాట. తనూ అలాగే తగ్గింది. ఉడికించిన చికెన్, గుడ్లు — అంతే.

జూన్ 20
అత్తమ్మ మాత్రం రోజూ నా గిన్నెలో జొన్న గటక పెడుతుంది. వద్దంటే మొహం మాడ్చుకుంటుంది. అటు తిరగగానే తీసుకెళ్లి బర్రె కుడితిలో పోస్తున్నాను. తోటకూర కూడా దానికే. తలంతా దిమ్ము... ఆకలి.

జులై 4
తగ్గుతున్నాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఏన్కూరు సంతలో అందరిదీ ఒకటే మాట — "ఏంది సుజాతా, గిట్ల ఎండినవ్? షుగరా?" షుగర్ కాదు తల్లీ, తమ్ముడు.

జులై 17
"బర్రె బలిసింది, నువ్వు బక్కగైనవ్. నాకు తెల్వదనుకున్నవా?" అంది అత్తమ్మ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

జులై 28
మళ్లీ ఖమ్మం. బరువు చూసి డాక్టరమ్మ మెచ్చుకుంది. రక్తం రిపోర్టు మాత్రం రెండుసార్లు తిరగేసింది.

"ఏం తింటున్నారు?" చెప్పాను. పేగుల్లో సూక్ష్మజీవులు ఉంటాయట. జొన్నలో, ఆకుకూరలో ఉండే పీచు వాటి తిండి. అది అందకపోతే మనకు అరగక మిగిలిన మాంసం మీద పడతాయట. అప్పుడు అవి వదిలే మలినం రక్తంలో కలుస్తుంది. దాన్ని కిడ్నీలే కడిగి పంపాలి. "మీకది బాగా పెరిగింది. కిడ్నీ పరీక్షలోనూ కొంచెం తేడా ఉంది. ఇప్పుడే తీయలేం."

శీను ఒంట్లో బయటకు పోలేక పేరుకుపోతున్న వాటిలో అదీ ఒకటట. వాడికోసం కడుపు మాడ్చుకుని, వాడి విషమే నా ఒంట్లోకీ తెచ్చుకున్నాను. బస్సులో ఏడుపు ఆగలేదు. పక్కావిడ కిటికీ సీటు ఇచ్చింది.

జులై 29
గటక తింటే బరువు పెరుగుతుందేమో. తినకపోతే రక్తం పాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "అన్నీ తింటూ మెల్లగా తగ్గండి" అంది డాక్టరమ్మ. మెల్లగానట... శీనుకు అంత గడువుందా?

ఆగస్టు 3
గటక, తోటకూర. అత్తమ్మ ఎదురుగా కూర్చుంది. "తిను బిడ్డా. జెర మజ్జిగ పోస్తా." రుచిగా ఉంది. రుచిగా ఉన్నందుకే కోపం వచ్చింది.

ఆగస్టు 16
బరువు కదలడం లేదు. నేనూ అంతే.

ఆగస్టు 25
పొద్దున పరీక్షకు మళ్లీ రక్తం ఇచ్చాను. రేపు చెబుతారట. శీను డయాలసిస్ మీద ఉన్నాడు. కాళ్లు బాగా వాచాయి.

"అక్కా, తిన్నవా?"
అవ్ అన్నాను.
"ఏం తిన్నవ్?"
గటక.

కళ్లు మూసుకున్నాడు. "నాకు నీళ్లు గూడ కొలిచే ఇస్తుండ్రు... మీ అత్తమ్మ గటక ఎట్లుంటదో జెర చెప్పక్కా."

ఆ పూట డయాలసిస్ ముగిసి మిషన్ ఆగేదాకా చెబుతూనే కూర్చున్నాను.