రెండో తాళంచెవి

మంగళవారం, రాత్రి

ఆఫీసు బయట పెట్టిన స్కూటీ పోయి వారం కావస్తోంది. ఈరోజు ఇన్సూరెన్స్ ఆయన ఫోన్ చేసి, "ఎఫ్ఐఆర్ అందిందండీ. రెండు తాళంచెవులూ ఇస్తేనే క్లెయిమ్ ముందుకెళ్తుంది," అన్నాడు.

రెండోది గ్రేస్ దగ్గర ఉండిపోయింది. కొత్తగూడలో ఈ ఫ్లాట్‌లోనే ఇద్దరం ఉన్నప్పుడు, ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి తను ఆ బండి మీదే వెళ్లేది. పెళ్లయి బోరబండ వెళ్లాక మాటలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. గొడవేమీ లేదు. తాళంచెవి ఎక్కడో పారేసి ఉంటుందనుకుంటూనే ఫోన్ చేశాను.

"పరేషాన్ కాకు సుధా, నా గుత్తిలనే ఉంది. నేనే తెస్త," అంది.

సాయంత్రం డ్యూటీకి పోతూ మా గేటు దగ్గర ఆటో ఆపించింది. గుత్తిలోంచి అది ఎంతకీ ఊడిరాలేదు. "తీసెయ్యాలని ఎన్నడు అనిపియ్యలే," అని నవ్వింది. చివరికి ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"పైకి రా, టీ పెడతాను."

"ఇంకోసారి వస్తలే, లేటైతది."

ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. పైకొచ్చి ఒక్కదానికే టీ పెట్టుకున్నాను.

రేపు రెండూ వాళ్లకిచ్చేస్తే క్లెయిమ్ అయిపోతుందట. ఏ పనీ లేకుండా ఫోన్ చేస్తే గ్రేస్ ఏమనుకుంటుందో...

ఇన్నాళ్లూ తన ఇంటి తాళంచెవితో పాటు నాదీ మోసింది. అది తెలిసిన రోజే నేను వెనక్కి తీసేసుకున్నాను.